సరుకు మారినా ఊరు అదే

కోనసీమకు వచ్చేవారిలో రెండు తెగలున్నాయి. మొదటి తెగవారు రావులపాలెం దాటగానే కొబ్బరిచెట్ల తలల వంక చూస్తారు. రెండో తెగవారు ఆ చెట్ల కింద ఉన్న దుకాణాల వంక చూస్తారు. మా మేనత్త కొడుకు, వరసకు నాకు బావ, ఈ రెండో తెగకు చెందిన మనిషి. హోదా ప్రాంతీయ అమ్మకాల మేనేజరు. ఇంట్లోవాళ్ళు మాత్రం ‘ఊళ్ళమ్మట తిరిగే ఉద్యోగం’ అంటారు. ముప్పయ్యేళ్ళలో ఆయన పురుగుమందులు అమ్మాడు, ఎరువులు అమ్మాడు, రొయ్యల మేత అమ్మాడు. ఇప్పుడు గోడలకు వేసే రంగులు అమ్ముతున్నాడు. కాలేజీ సెలవుల్లో రెండు రోజులు ఆయన కారులో నేనూ తిరిగాను.

గౌతమికీ వసిష్ఠకీ నడుమ, వైనతేయను కడుపులో పెట్టుకుని ఉన్న ఈ లంకగడ్డకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువనీళ్ళిచ్చింది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం ముఖ్యపట్టణంగా ఇది వేరే జిల్లా అయింది. కాని కోనసీమ చరిత్ర తెలియాలంటే మా బావ సంచీలో ఎప్పుడెప్పుడు ఏ సరుకుందో అడిగితే చాలు.

ఆయన ఉద్యోగంలో చేరింది 1996లో. ఆ నవంబరు 6న తుపాను వచ్చింది. నిలబడ్డ కొబ్బరితోటలు తెల్లవారేసరికి నేలమీద పరుచుకున్నాయి. పురుగుమందు బాకీలు వసూలు చేసుకురమ్మని ఆయన్ని పంపారు. చెట్టే పోయినవాడిని మందు బాకీ ఎలా అడగడం? అడగకుండానే తిరిగి వెళ్ళాడట. అప్పటినుంచీ ఆయనకొక అలవాటయింది. ఏ దుకాణానికి వెళ్ళినా ముందు టీ తాగి, “అంబాజీపేటలో వెయ్యి కాయలు ఎంత పలుకుతున్నాయండీ?” అని అడుగుతాడు. అమ్మేది రంగు డబ్బా అయినా సరే, కొబ్బరికాయ ధర తెలియకుండా బేరం మొదలెట్టడు. కాయకు ధర ఉంటే ఊళ్ళో డబ్బు ఆడుతుంది; లేకపోతే ఖాతాపుస్తకంలో పేజీలు పెరుగుతాయి.

ఎరువుల మేనేజరుగా ఉండగా 2011 వచ్చింది. గిట్టుబాటు ధర లేదు, కూలీ ఖర్చు పెరిగింది, మురుగుకాలువలు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయి. ఆ ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు మానేశారు. అన్నపూర్ణ అని పేరుపడ్డ నేలను రైతు తన చేతులారా బీడు పెట్టడం చూసి దేశమంతా నివ్వెరపోయింది. మా బావ కంపెనీవారు మాత్రం, ‘నెలాఖరులోగా గోడౌను ఖాళీ కావాలి’ అని తాఖీదు పంపారు. చల్లడానికి చేను లేకపోయినా డీలరు కొట్లోకి సరుకు దింపేస్తే కంపెనీ లెక్కల్లో అది అమ్మకమే. ఆయన అంబాజీపేటలోని ఒక పెద్దాయన కొట్టుకు వెళ్ళి మాట కదిపాడు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “బాబూ, మీరు కంపెనీ మారగలరండి. నేను ఊరు మారలేనండి” అన్నాడట.

మా బావ సరుకు దింపలేదు. ఆ ఏడు రావలసిన ప్రమోషను మరొకరికి వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆయనే ఆ ఉద్యోగం వదిలేశాడు.

అప్పటికి చేలు చెరువులవుతున్నాయి. 2009లో మన దేశంలో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మేత కంపెనీలు ఊరూరా దిగాయి. ఈ వ్యాపారం గుండెదిటవు ఉన్నవాళ్ళది. పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంతవరకూ రైతుకు డీలరు అరువిస్తాడు, డీలరుకు కంపెనీ అరువిస్తుంది. నడుమ తెల్లమచ్చ తెగులు తగిలిందా, రొయ్యతో బాటు ఆ అరువంతా చెరువులోనే! అటువంటి సరుకు పట్టుకుని కొత్త కంపెనీ పేరుతో వెళితే, మొదటి ఆర్డరు ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆ అంబాజీపేట పెద్దాయనే. “మేత సంగతి నాకు తెలియదండి. మీ సంగతి తెలుసునండి” అన్నాడట.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, మేత వ్యాపారం మానేసి రంగుల్లోకి వచ్చేసిన మా బావకే పాత డీలర్లు ఫోను చేశారు. చెరువులో పిల్ల వెయ్యమనాలా, వద్దనాలా అని! ఆయన జీతం ఎవరిస్తున్నారన్న సంగతి వాళ్ళకు అక్కర లేకపోయింది.

పి. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనీటిని దాటించే అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి బాటసారులకు వేళ కాని వేళ అన్నం పెట్టేది. మా బావ అక్కడ కారు నెమ్మది చేసి, “మాలాంటి తిరుగుబోతుల దేవత” అని చెయ్యెత్తి నమస్కరించాడు.

రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి ఇళ్ళు వరసగా లేస్తున్నాయి. సంక్రాంతికి ముందు ఆ గోడలన్నీ రంగు అడుగుతాయి. ఇప్పుడు ఆర్డర్లు సెల్‌ఫోనులోనే పెట్టవచ్చు. మేనేజర్లు ఇంతమంది ఎందుకని కంపెనీవారు లెక్కలు వేస్తున్నారట. ఆ కబురు దుకాణాలకూ పాకింది. రాజోలులో ఒక కుర్ర వ్యాపారి ఆర్డరు రాయబోతూ కలం ఆపి, “సార్, మీరు ఈ కంపెనీలో ఉంటారా అండీ?” అని అడిగాడు.

మా బావ కాసేపు ఆలోచించి, “సంక్రాంతి దాకా ఉంటానండి. తరవాత సంగతి చెప్పలేను” అన్నాడు.

“ఆయ్, అయితే సంక్రాంతికి అమ్ముడుపోయేంతే పంపండి” అని ఆ అబ్బాయి డబ్బాల లెక్క సగానికి తగ్గించి రాసుకున్నాడు. మా బావ మారు మాట్లాడకుండా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.