ఒక్క రాత్రి చుట్టరికం

ఒకసారి వచ్చి మా ఇంట్లో పడుకుని వెళ్తే దూరపు చుట్టం, పదిసార్లు వస్తే సొంత చుట్టం. అజిము రైతులు ఇంటికొచ్చినవాళ్లతో ఈ మాట చెబుతారు. జపాన్‌లో దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో, ఓయితా ప్రాంతపు కొండల మధ్య ఉంటుంది అజిము. 2005లో దాన్ని పక్కనున్న ఉసా పట్నంలో కలిపేశారు. వరి, ద్రాక్ష పండిస్తారు. పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ పట్నాలు పట్టిపోయి, పెద్ద పెద్ద ఇళ్లలో ముసలివాళ్లే మిగులుతున్న రోజుల్లో, 1996లో కొందరు రైతులు సంఘం పెట్టుకుని పై ఊళ్లవాళ్లని తమ ఇళ్లలో దింపుకోవడం మొదలుపెట్టారు. అందుకోసం కొత్తగా గదులు కట్టలేదు. ఉన్న ఇంట్లోనే చోటిచ్చి, ఉన్న వంటలోనే ఇంకో పిడికెడు బియ్యం పోశారు. 2002లో ఓయితా ప్రాంతీయ ప్రభుత్వం ఇలాంటి ఇళ్ల కోసం బసల నిబంధనలు సడలించింది. అక్కణ్ణుంచి ఆ పద్ధతి మిగతా పల్లెలకీ పాకింది.

మా మనవరాలు అమ్మానాన్నలతో కలిసి ఈ వేసవి సెలవుల్లో అలాంటి ఇంట్లో ఉండి వచ్చింది. పదకొండేళ్ల పిల్ల. దాని మేనమామ ఫుకువోకాలో ఉద్యోగం చేస్తున్నాడు, ఏర్పాటంతా అతనిదే. సంగతి తెలిసి మా టెక్కలి వదిన ఫోన్‌లో గొడవ పెట్టుకుంది. "గుంటని అంత దూరం తీసుకెళ్లి ఎవరింట్లోనో పెడతారేటి? అక్కడ హోటళ్లు లేవేటి?" అంది. ఉన్నాయి వదినా, ఉన్నా సరే ఇంట్లోనే ఉండాలి అన్నాను. ఎందుకో ఆవిడకి ఫోన్‌లో చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మా అండమాన్ దీవుల్లో ఇప్పుడు వీధివీధికీ హోమ్‌స్టే బోర్డులు కనిపిస్తున్నాయి. మేముండే డాలీగంజ్ విమానాశ్రయానికి దగ్గర కాబట్టి మా వైపూ ఉన్నాయి. వాటిలో చాలామటుకు ఇంటి మేడ మీద వేసిన ఏసీ గదులు. వచ్చినవాళ్లు తాళంచెవి తీసుకుంటారు, బీచ్‌లన్నీ తిరుగుతారు, తాళంచెవి ఇచ్చి వెళ్తారు. ఆ ఇంటి వంటగది ఎలా ఉంటుందో, ఆ ఇంటి పెద్దావిడ ఏ ఊరునుంచి వచ్చిందో వాళ్లకి తెలియదు. అది అద్దె గది. దాన్ని తప్పుపట్టను, బతుకుతెరువు. కానీ పిల్లలకి లోకం చూపించాలంటే అది చాలదు. ఒక ఇంట్లో ఎవరు ముందు లేస్తారు, ఎవరి మాట చెల్లుతుంది, అన్నం మిగిలితే ఏం చేస్తారు, కోపం వస్తే ఎలా మాట్లాడుకుంటారు, ఇవన్నీ చూసిన పిల్లకి ఆ దేశం నిజంగా తెలుస్తుంది. ఫుకువోకా నగరం వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1989 నుంచి ఆసియా, పసిఫిక్ దేశాల పిల్లల్ని పిలిపించి, అక్కడి కుటుంబాల్లో ఉంచి పంపుతున్నారు. అమ్మానాన్నలు వెంట ఉండరు. ఆ పిల్లల వయసు సరిగ్గా పదకొండు. భయం ఇంకా గట్టిపడని, జ్ఞాపకం మాత్రం బాగా గట్టిపడే వయసు. బాగా ఎంచారు అనిపిస్తుంది.

నాకీ నమ్మకం జపాన్ నుంచి రాలేదు. పెళ్లయిన కొత్తలో విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడికి వచ్చాను. మా ఆయనకి ఛాతం రంపపు మిల్లులో పని. క్వార్టర్ ఇంకా చేతికి రాలేదు. ఆయనతో పనిచేసే ఒకాయన తన తల్లి దగ్గర మమ్మల్ని దింపాడు. ఆవిడ ఇక్కడే పుట్టిన మనిషి. తాత ఖైదీగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మేమంతా ఆవిడని బువా అనేవాళ్లం. నాకు హిందీ ఒక్క ముక్క రాదు, ఆవిడకి తెలుగు రాదు. చింతపండు పిసకడం, చేప తోమడం, నీళ్లు పట్టడం, వీటితోనే భాష మొదలైంది. క్వార్టర్ వచ్చాక కూడా పండగ పూట ఆవిడింటికే వెళ్లేవాళ్లం. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగుని మాతృభాషగా రాయించారు. మాలో ఎక్కువమంది స్వాతంత్ర్యం వచ్చాక కూలికో కొలువుకో చేపల వేటకో వచ్చినవాళ్లం. అంతకుముందు ఈ నేల మీద ఏం జరిగిందో మా ఇళ్లలో చెప్పేవాళ్లు లేరు. మాకు చెప్పింది బువాలాంటివాళ్లు.

1942 మార్చి 23న జపాన్ సైన్యం ఇక్కడ దిగింది. బువా అప్పటికి చిన్నపిల్ల. మొదట్లో మిఠాయిలు పంచారట. ఆ తరువాత కోళ్లు పోయాయి, తరువాత మనుషులు పోయారు. మా పొరుగున లంబా లైన్‌లో ఇప్పుడు విమానాలు దిగే చోట అప్పటి రన్‌వే వేయించడానికి ఊళ్లవాళ్లని బలవంతంగా తోలుకెళ్లారు. బువా తండ్రి అక్కడ రాళ్లు మోశాడు. గూఢచారులని నింద వేసి చాలామందిని సెల్యులార్ జైల్లో పెట్టి కొట్టారు. వైద్యుడూ కవీ అయిన డాక్టర్ దీవాన్ సింగ్ ఆ హింసకే 1944 జనవరిలో చనిపోయారు. అంతకు రెండు వారాల ముందే, 1943 డిసెంబరు 30న, ఇదే ఊళ్లో జింఖానా మైదానంలో సుభాస్ చంద్రబోస్ జెండా ఎగరేశారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని వరసగా నిలబెట్టి కాల్చేశారు. చివరి ఏడాది తిండి లేక జనం దుంపలు తవ్వుకుని తిన్నారు. 1945 అక్టోబరులో జపాన్ పాలన ముగిసింది. బువా ఇదంతా ఒక్కరోజు కూర్చుని చెప్పలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఒకసారి, కరెంటు పోయిన రాత్రి ఒకసారి, కొంచెం కొంచెంగా చెప్పింది. ఆవిడింట్లో పడుకోకపోతే నేనీ ఊరిని ఎప్పటికీ ఒక ఓడరేవు లాగే చూసేదాన్ని.

అందుకని జపాన్ ప్రయాణం ఖాయమైనప్పుడు ఇంట్లో ఒక వాదన నడిచింది. పిల్లకి ఇవన్నీ ఇప్పుడు చెప్పొద్దమ్మా, అక్కడికెళ్లి భయపడుతుంది, లేకపోతే ఏదైనా అనేస్తుంది అన్నాడు మా అబ్బాయి. నేను ఒప్పుకోలేదు. ఒక ఇంటికి చుట్టంగా వెళ్లేవాళ్లు ఆ రెండు ఇళ్ల మధ్య జరిగింది తెలుసుకుని వెళ్లాలి. తెలియకుండా వెళ్తే అది అమాయకత్వం అవుతుంది, స్నేహం కాదు. నేనే దాన్ని హంఫ్రీగంజ్ బలిదాన వేదిక దగ్గరికి తీసుకెళ్లాను. పేర్లు చదివించాను. అక్కడి పిల్లలకి ఇందులో తప్పు లేదు, ఆ ఇంటివాళ్లకీ లేదు, కానీ నీకు తెలిసి ఉండాలి అని చెప్పాను. అది అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్లకి తెలుసా నానమ్మా?"

వెళ్లారు. వాళ్ల కోసం పలాస జీడిపప్పు పంపాను. తిరిగి వచ్చాక అది చెప్పిన కబుర్లలో సగం స్నానం గురించే. ముందు బయట పీట మీద కూర్చుని సబ్బుతో రుద్దుకుని శుభ్రంగా కడుక్కోవాలి, ఆ తరువాతే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. ఆ తొట్టి నీళ్లు ఇంటిల్లిపాదికీ అవే. మొదటి వంతు చుట్టాలది. ఇంటావిడ ఆఖర్న దిగుతుంది. మర్నాడు ఆ నీళ్లనే గొట్టంతో బట్టల మెషీన్‌లోకి తోడుతుంది. మా వదిన విని ముక్కు మీద వేలేసుకుంది గానీ మా పిల్లకి అది ఎంతో నచ్చింది. నచ్చదా మరి! ఏప్రిల్, మే వచ్చేసరికి ధనీఖారీ డ్యామ్ అడుగంటితే మాకు నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా వస్తాయి. కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకి పోసే ఇంట్లో పెరిగిన పిల్ల. అంత కలిగిన దేశంలో, వానలు దండిగా పడే చోట, నీటిని ఇంత మర్యాదగా వాడటం చూసి "వాళ్లకి నీళ్లు ఉన్నాయి నానమ్మా, అయినా పారబోయరు" అని పదేపదే చెప్పింది. బడిలో ఏ పాఠమూ దానికి ఇంత బాగా ఎక్కలేదు.

తిండికి ఇబ్బంది పడలేదు. చేపా అన్నమూ మాకు రోజువారీ తిండే. అన్నం ముద్దగా ఉంటుందని, పచ్చి చేప మాత్రం తినలేకపోయిందని చెప్పింది. ఇంటావిడ దగ్గర కూర్చుని అన్నం ఉండలు చుట్టి వాటికి సముద్రపు నాచు కాగితం చుట్టడం నేర్చుకుంది. తను చేత్తో కలుపుకుని తింటుంటే వాళ్ల కోడలు కూడా కలుపుకుని చూసిందట. ఆ కోడలికి ఆర్.ఆర్.ఆర్. సినిమా కంఠతా వచ్చు. 2022లో అక్కడ విడుదలైనప్పటి నుంచి చూస్తూనే ఉందట.

అవి నాట్లకి మడులు సిద్ధం చేస్తున్న రోజులు. ఇంటి పెద్దాయన పిల్లని గట్ల మీద తిప్పుతూ మీ ఊళ్లో వరి పండుతుందా అని అడిగాడు. మాటలన్నీ ఫోన్‌లోని అనువాదంతోనూ మేనమామ సాయంతోనూ నడిచాయి. మా కోడలు సిప్పీఘాట్ ఫోటో చూపించింది. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. వరి పండిన చోట ఇప్పుడు ఉప్పునీళ్లలో కొంగలు నిలబడి ఉంటాయి. ఆయన ఫోటోని పెద్దది చేసి గట్లు ఎక్కడుండేవో వెతికాడట. ఆ పొలం ఎవరిది, వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారు అని అడిగాడట. రైతు తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్నలవి. వాళ్ల గుమ్మం పక్కన భూకంపం వస్తే పట్టుకుని పరిగెత్తడానికి ఒక సంచీ వేలాడుతూ ఉంటుంది. టార్చిలైటు, నీళ్లు, రేడియో, కాగితాలు. మాకు 2007 నుంచి సునామీ హెచ్చరికలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం నుంచి వస్తున్నాయి, మంచిదే, కానీ గుమ్మం దగ్గర సంచీ మాత్రం లేదు. ఇప్పుడు ఉంది. పిల్లే కట్టింది.

అజిము పక్కనున్న ఉసా మైదానంలో 1939లో జపాన్ నౌకాదళం విమాన స్థావరం పెట్టింది. 1945లో అక్కణ్ణుంచి ఆత్మాహుతి విమానాలు లేచాయి. ఆ ఏడాది ఏప్రిల్ 21న అమెరికా బాంబులు పడి చుట్టుపక్కల జనం చాలామంది పోయారు. విమానాలు దాచడానికి కట్టిన కాంక్రీటు గూళ్లు వరిమళ్ల మధ్య ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని 1995లో చారిత్రక స్థలంగా ప్రకటించి కాపాడుతున్నారు. పెద్దాయన వీళ్లని అక్కడికి తీసుకెళ్లాడు. కార్బిన్స్ కోవ్ దారిలో జపాన్ బంకర్లు చూస్తూ పెరిగిన పిల్ల కదా, చూడగానే "ఇలాంటివి మా ఊళ్లో కూడా ఉన్నాయి, మీవాళ్లే కట్టారు" అనేసింది. మా అబ్బాయి గుండె జారిపోయిందట. పెద్దాయన యుద్ధం అయ్యాక పుట్టినవాడు. సింగపూర్, బర్మా సంగతులు విన్నాడు గానీ అండమాన్ పేరు వినలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని, ఎప్పుడు, ఎన్నాళ్లు, ఏం చేశారు అని వరసగా అడిగాడు. మా అబ్బాయి చెప్పాడు. రన్‌వే, జైలు, 44 మంది. ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి తేదీలు రాసుకున్నాడు. క్షమాపణలూ ఉపన్యాసాలూ ఏమీ చెప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అవే తేదీలు తన కొడుకుకీ కోడలికీ చదివి వినిపించాడట.

"ఇప్పుడు వాళ్లకి తెలుసు నానమ్మా" అంది మనవరాలు, ఇంటికొచ్చీ రాగానే, చెప్పులు కూడా విప్పకుండా.

2021లో జపాన్ ప్రభుత్వం మా దీవులకి సౌర విద్యుత్తు నిలవచేసే బ్యాటరీల కోసం 400 కోట్ల యెన్‌ల పైచిలుకు గ్రాంటు ప్రకటించింది. సంతోషం, మాకు కరెంటు కావాలి. కానీ ప్రభుత్వాలు ఒకదానికొకటి ఇచ్చుకునేవాటిలో బువా తండ్రి మోసిన రాళ్ల లెక్క ఉండదు. ఆ లెక్క ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పాలి, అదీ ఒక పొలం గట్టు మీదో, వంటింట్లోనో చెప్పాలి. అజిము రైతులు మొదలుపెట్టిన పని నాకు అందుకే ఇంత విలువైనదిగా కనిపిస్తుంది. ఊరు ఖాళీ కాకుండా చూసుకోవడానికే వాళ్లు తలుపులు తెరిచి ఉండవచ్చు. ఆ తలుపులోంచి ఏమేం లోపలికి రాగలవో మా పిల్ల వెళ్లి చూసొచ్చింది.

పెద్దాయనా ఆయన భార్యా వచ్చే జనవరిలో ఇక్కడికి వస్తామని కబురు పంపారు. కోతలైపోయి తీరికగా ఉండే కాలం వాళ్లకి, సముద్రం నెమ్మదిగా ఉండే కాలం మాకు. హోటల్ చూద్దామన్నాడు మా అబ్బాయి. వీల్లేదు, ముందు గది వాళ్లదే అన్నాను. తొట్టి లేదు కాబట్టి బకెట్ స్నానమే, కానీ మొదటి బకెట్ వాళ్లకి. ఉప్పు చేప వంకాయ కూర ఒక పూట, రొయ్యల ఇగురు ఒక పూట. రాధానగర్ బీచ్‌కి పిల్ల తీసుకెళ్తుంది. హంఫ్రీగంజ్ సంగతి దగ్గర మళ్లీ వాదన వచ్చింది. చుట్టాలుగా వచ్చినవాళ్లని అక్కడికి తీసుకెళ్లి కష్టపెట్టడం ఏం మర్యాద అంది మా కోడలు. ఆయన ఆ తేదీ రాసుకున్నాడమ్మా, రాసుకునే జనవరిలో వస్తున్నాడు, తీసుకెళ్లకపోవడమే అమర్యాద అన్నాను. ఏటా జనవరి 30న అక్కడ జనం చేరి నివాళి అర్పిస్తారు. ఆ పొద్దున్నే బయల్దేరుతున్నాం. బువా పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ కొడుకుని కూడా మాతో రమ్మని అడిగాను. వస్తానన్నాడు.