దానికెవరు చెప్పిండ్రు?

మేముండే ఫార్మింగ్టన్ హిల్స్, డెట్రాయిట్ పక్కనే ఉన్న ఊరు. 2020 జనవరిలో ఇక్కడే రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన్ని, భార్యా ఇద్దరు చిన్న కూతుళ్లూ చూస్తుండగా, ఇంటి ముందే డెట్రాయిట్ పోలీసులు బేడీలు వేసి తీసుకెళ్లారు. ఓ దుకాణంలో గడియారాలు పోయాయి. కెమెరాలో మసగ్గా పడిన దొంగ ముఖాన్ని కంప్యూటర్‌కు ఇస్తే, అది ఈయన పాత డ్రైవింగ్ లైసెన్సు ఫొటో చూపించింది. ఆయన దొంగ కాదు. అయినా 30 గంటల పాటు లాకప్‌లో ఉన్నాడు. 2024లో ఆయన వేసిన దావా రాజీతో ముగిసింది. 3 లక్షల డాలర్ల పరిహారంతో పాటు, ముఖ గుర్తింపు ఒక్కదాన్నే పట్టుకుని ఎవర్నీ అరెస్టు చేయకూడదన్న నియమం కూడా వచ్చింది.

ఆదివారం తెలుగు బడిలో పెద్ద పిల్లలకు నేనీ సంగతి పాఠంగా చెబుతాను. 2018లో జాయ్ బూలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ చేసిన పరిశోధన కూడా చెబుతాను. ముఖం చూసి ఆడా మగా అని పోల్చే ప్రోగ్రాములు తెల్లటి మగవాళ్ల విషయంలో నూటికి ఒక్కసారి కూడా తప్పలేదు. నల్లటి ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఒకదానిలో తప్పులు 34 శాతం దాటాయి. పిల్లలు శ్రద్ధగా వింటారు, బాగా వాదిస్తారు. కానీ వాళ్ల అమ్మానాన్నల్లో చాలామంది ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్లే. వాటి దెబ్బ తినే ఇళ్లు వేరే చోట ఉన్నాయి. ఈ పాఠం ముందుగా చెప్పాల్సింది అక్కడేనని పోయిన ఏడాది జూలైలో హైదరాబాద్‌లోని ధూల్‌పేట్ వెళ్లినప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

మా మేనత్త ఇల్లు ఆ బస్తీలోనే. వినాయక చవితి దగ్గర పడుతుంటే అక్కడ గల్లీలో నడవడానికి దారి ఉండదు. అటూ ఇటూ తెల్లటి గణపతులు, పైన ప్లాస్టిక్ పట్టాలు, రంగు వాసన. చవితి అయ్యాక దుర్గమ్మలు, సంక్రాంతి ముందు పతంగులు. తరాలుగా లోధా కుటుంబాల చేతుల మీద నడిచే పని ఇది. బడి నుంచి వచ్చిన పిల్లలు కూడా ఓ చేయి వేస్తారు. అత్తమ్మ వరండాలో పక్కింటి డిగ్రీ అమ్మాయి వాళ్లకు ట్యూషన్ చెబుతుంది. ఓ సాయంత్రం నేనూ కూర్చున్నాను. ఏఐ అంటే ఏంటని అడిగితే, ఓ పిల్లాడు ఫోన్ తీసి, ధూల్‌పేట్ గురించి చెప్పమని చాట్‌బాట్‌ని అడిగాడు.

గుడుంబా అని చెప్పింది. గంజాయి అంది, దాడులంది. విగ్రహాలకు చివర్లో ఒక్క వాక్యం దక్కింది. పిల్లలు కొంచెంసేపు మాట్లాడలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, తండ్రి పక్కన కూర్చుని విగ్రహాలకు కళ్లు దిద్దే పిల్ల, అంది: "అక్కా, గిది అబద్ధం కాదు. గని గింతేనా మేము? దానికెవరు చెప్పిండ్రు?"

కృత్రిమ మేధ గురించి ఏ పుస్తకం రాసినా మొదటి పేజీలో ఉండాల్సిన ప్రశ్న అది. ఆ యంత్రం ధూల్‌పేట్ చూడలేదు. ధూల్‌పేట్ గురించి ఎవరో రాసినవి చదివింది. రాసింది ఎవరు? గుడుంబా బట్టీలు మూయించిన రోజుల వార్తలున్నాయి. 2024లో ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట్’ అని పేరు పెట్టి మరీ గంజాయి దాడులు చేసింది, వారాల తరబడి వార్తలు వచ్చాయి. గణపతి తొండం ఎండకు పగలకుండా లోపల ఏం కూరతారో, వానాకాలంలో రంగు ఎలా ఆరబెడతారో ఎవరూ పేజీలకు పేజీలు రాయలేదు. విగ్రహం పోసే సాంచాలో ఓ పక్క సొట్ట ఉంటే అందులోంచి వచ్చే ప్రతి విగ్రహానికీ అదే చోట సొట్ట పడుతుందని ఆ పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాటతోనే వాళ్లకు విషయం మొత్తం అర్థమైంది.

చాట్‌బాట్ మాట దగ్గర ఆగిపోయే వ్యవహారమైతే నాకింత ఆరాటం ఉండేది కాదు. 2021 అక్టోబరులో గంజాయి తనిఖీలంటూ హైదరాబాద్ పోలీసులు దారిన పోయేవాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట ఉందేమోనని వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. తెలంగాణ పోలీసులు 2018 నుంచే ముఖ గుర్తింపు వాడుతున్నారు. 2021 మే లాక్‌డౌన్‌లో పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని అడిగి, ఆయన ఒప్పుకోకపోయినా ఫొటో తీసుకున్నారు. ముఖ గుర్తింపు వాడకాన్ని సవాలు చేస్తూ ఆయన హైకోర్టుకు వెళ్తే 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

రేషన్ కార్డుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ‘సమగ్ర వేదిక’ అని రాష్ట్ర ప్రభుత్వానికి ఒక వ్యవస్థ ఉంది. వాహనాలు, ఆస్తులు, కరెంటు బిల్లులు వంటి వేర్వేరు శాఖల జాబితాలను కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఎవరు పేదో ఎవరు కాదో తేలుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని రిక్షా తొక్కిన మనిషిని కారు యజమానిగా లెక్కగట్టి, ఆ ఇంటికి బియ్యం ఆపేసిన ఉదంతం బయటికొచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. పాతబస్తీలో ఒకే పేరున్నవాళ్లు ఒక్క గల్లీలోనే నలుగురుంటారు. కంప్యూటర్ పోల్చినది సరో కాదో తలుపు తట్టి చూడాల్సిన మనిషిని మధ్యలోంచి తీసేయడమే అసలు అన్యాయమని నా నమ్మకం.

ఇప్పుడు బడుల్లోకి ఏఐ వస్తోంది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ కొన్ని జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో, చదవడంలో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు ఏఐ సాయంతో సాధన మొదలుపెట్టింది. 2026-27 నుంచి మూడో తరగతి మొదలుకుని ఏఐ పాఠాలుంటాయని కేంద్రం ప్రకటించింది. సాధన మంచిదే, చదవలేని పిల్లకు చదవడం వస్తుందంటే ఎవరు వద్దంటారు? కానీ యంత్రం ముందు కూర్చుని అది అడిగినదానికి జవాబివ్వడం ఒకటి, దాన్ని తిరిగి అడగడం మరొకటి. రెండోది ఎక్కడ నేర్పుతారు?

ఆ వరండాలో మేం చేసింది చిన్న పనే. రేషన్ కార్డు రద్దయినట్టు ఒక ఉత్తుత్తి ఉత్తరం రాసి పిల్లలకిచ్చాను. కారణం దగ్గర ‘కంప్యూటర్ నిర్ణయం’ అని మాత్రమే ఉంది. జవాబు రాయమన్నాను. మొదట అందరూ బతిమాలుతూ రాశారు. కళ్లు దిద్దే పిల్ల మాత్రం అలా రాయలేదు, నిలదీసింది: ఏ కారు, నంబరెంత, మా ఇంటికొచ్చి చూసిందెవరు, ఎవరి దగ్గరికి పోయి చెప్పుకోవాలి? అది చూసి మిగతావాళ్లు తమ కాగితాలు చించి మళ్లీ మొదలుపెట్టారు. ట్యూషన్ అమ్మాయి ఆ ప్రశ్నలన్నీ గోడ మీది బోర్డుకెక్కించింది.

దీనికి ల్యాబు అక్కర్లేదు, కోడింగ్ అక్కర్లేదు. నా దృష్టిలో ఇది కంప్యూటర్ పీరియడ్ కంటే సోషల్ పీరియడ్‌లో చెప్పాల్సిన పాఠం, హక్కుల పాఠం పక్కనే. కొత్త పుస్తకాలు రాసేటప్పుడు ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లు పాతబస్తీ సర్కారు బడుల నుంచి ఒకరిద్దరు సోషల్ టీచర్లను పక్కన కూర్చోబెట్టుకోవాలని నా విన్నపం. రేషన్ కార్డుల పాఠానికి వాళ్లు ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు, కార్డు పోయిన ఇళ్ల పిల్లలు వాళ్ల తరగతుల్లోనే ఉంటారు.