కారెంపూడి మీదుగా గుండుగాడి రాయబారం

కారెంపూడిలో టీ కోసం కారు ఆపాం. కొట్టు పెద్దాయన మమ్మల్ని అడిగిన మొదటి మాట "ఏ ఊరు?" అని కాదు. వెనక కిటికీలోంచి తల బయటపెట్టి, నాలుక వేలాడేసిన గుండుని చూసి, "ఈ కుక్క ఎవరిది అబ్బాయ్?" అన్నాడు.

"ఈ అమ్మాయిది" అనేశా.

తను ఏమీ అనలేదు. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఏదో తప్పు చేశానని అర్థమైంది కానీ, ఏంటో వెంటనే తట్టలేదు.

అసలు కథ హైదరాబాద్‌లో మొదలైంది. కొండాపూర్‌లో కుక్కల కోసమే ఒక పార్కు ఉంది. 2018లో జీహెచ్ఎంసీ తెరిచింది. మా రూమ్మేట్ ఊరెళ్తూ తన లాబ్రడార్‌ని నాకు అప్పగించాడు. మొదటి రోజే అది నన్ను ఈడ్చుకెళ్లి గుండు ముందు నిలబెట్టింది. గుండు వీధి కుక్క. వానలో తడుస్తూ హాస్టల్ గేటు దగ్గర దొరికితే తను పెంచుకుంది.

కుక్కలు పెంచేవాళ్ల లోకంలో ఒక వింత ఉంది. అందరి కుక్కల పేర్లూ తెలుస్తాయి, మనుషుల పేర్లే తెలియవు. తన నంబర్ నా ఫోన్‌లో చాలాకాలం 'గుండు'గానే ఉంది. ఆఫీసులో మీటింగ్ మధ్య 'గుండు కాలింగ్' అని వెలిగితే మా టీమ్ లీడ్ అదోలా చూసేవాడు.

రూమ్మేట్ తిరిగొచ్చాక కూడా రోజూ సాయంత్రం వాడి కుక్కని అరువు తీసుకుని వెళ్లేవాణ్ని. మూడు వారాలయ్యాక నిజం ఒప్పుకున్నా. తను నవ్వింది. "పేరు పెట్టి పిలిస్తే ఒక్కసారైనా నీ వైపు తిరిగిందా అది? మొదటి రోజే తెలుసు" అంది.

తర్వాత ఇద్దరం కలిసి 2005లో వచ్చిన 'మస్ట్ లవ్ డాగ్స్' చూశాం. అందులో డయాన్ లేన్, జాన్ క్యూసాక్ కుక్కల్ని అరువు తెచ్చుకునే మొదటిసారి కలుసుకుంటారు. నా ఐడియా నాకంటే ముందే హాలీవుడ్ వాడేసిందన్నమాట!

ఇంకో విషయం తెలియడానికి నెల పట్టింది. తను ఫోన్‌లో ఎవరితోనో "ఏంది? యాడికి?" అంటుంటే చెవులు నిక్కబొడుచుకున్నాయి. తనది మాచర్ల, మాది నరసరావుపేట. ఇద్దరం పల్నాడే. కానీ కులాలు వేరు. అందుకే రెండేళ్లు ఇళ్లలో నోరు విప్పలేదు.

మార్చి మొదటి వారంలో ధైర్యం చేశాం. శనివారం మా ఇల్లు, ఆదివారం వాళ్లిల్లు. మా అమ్మ తనకి కాఫీ ఇచ్చి, ఆ రాత్రి తను వాళ్ల ఫ్రెండ్ ఇంటికెళ్లాక నన్ను వంటింట్లోకి పిలిచి ఒకటే అడిగింది: "అమ్మాయి బాగానే ఉంది. ఆ కుక్క కూడా వస్తదా?"

టీ తాగి కారెంపూడి వీరుల గుడికి వెళ్లాం. గుండు బయట చెట్టు కింద ఆగాడు. పక్కనే నాగులేరు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల ఆయుధాల్ని ఇక్కడ దైవాలుగా కొలుస్తారు. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకీ ఒక్కో పేరు.

గురజాల, మాచర్ల దాయాదుల మధ్య పగ ముదిరింది ఒక కోడిపందెంతోనే. నాగమ్మ పుంజు గెలిచింది, బ్రహ్మనాయుడి పక్షం ఓడి ఏడేళ్లు ఊళ్లొదిలి వెళ్లింది. ఆ తర్వాత రాయబారానికి వెళ్లిన అలరాజు సాక్షాత్తూ గురజాల రాజు నలగాముడికి అల్లుడు. అయినా విషం పెట్టి చంపారని కథ.

"కాబోయే అల్లుడికి ఇప్పుడు చెప్పాల్సిన కథేనా ఇది?" అన్నా.

తను నవ్వలేదు. "మందపోరు రోజు చాపకూడు పెడతారు, తెలుసుగా" అంది. తెలుసు. అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు బ్రహ్మనాయుడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత, అదే నేల మీద, ఒక భోజనం గురించి మేమిద్దరం భయపడుతూ వెళ్తున్నాం.

మాచర్ల దారిలో రెండు పక్కలా మిరప కల్లాలు. ఎర్ర దుప్పట్లు పరిచినట్టు ఎండుతున్న కాయలు. ఆ ఘాటుకి గుండు పదకొండు సార్లు తుమ్మాడు, లెక్కపెట్టా. కారులో ఇంకెవరూ మాట్లాడలేదు మరి. ఈ వైపు కుక్క అంటే కల్లానికో, గుమ్మానికో కాపలా. సీటు బెల్టు పెట్టుకుని ప్రయాణం చేసే కుక్కని మొదటిసారి చూస్తున్నట్టు జనం ఆగి మరీ చూశారు.

వాళ్లింటికి చేరేసరికి పన్నెండైంది. వాళ్ల నాన్నగారు నా నమస్కారానికి తలూపారు. గుండుని వాకిట్లో వేపచెట్టుకి కట్టించారు. ఉద్యోగం, జీతం, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ అడిగారు. అసలు విషయం మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయా.

భోజనాలకి లేవబోతుంటే బయట గుండు కుయ్యోమన్నాడు. ఆయన కిటికీలోంచి చూసి అడిగారు. "ఇంతకీ ఆ కుక్క ఎవరిదమ్మా?"

తను నా వైపు చూసింది. కారెంపూడిలో చేసిన తప్పు అప్పుడు వెలిగింది నాకు.

"మా ఇద్దరిదండీ" అన్నా. గొంతు కొంచెం వణికింది.

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన చాలాసేపు గుండునే చూశారు. తర్వాత లేచి లోపలికెళ్లి, గిన్నెలో పెరుగన్నం కలుపుకొచ్చి, వేపచెట్టు దగ్గర గొంతుక్కూర్చుని పెట్టారు. గుండు తింటుంటే వాడి తల మీద చెయ్యేసి, మా వైపు తిరక్కుండానే అన్నారు.

"మిగతాది నిదానంగా మాట్లాడదాం. ముందు దీన్ని వసారాలో కట్టెయ్యండి. ఎండగా ఉంది."

'కట్టెయ్' అనలేదు, 'కట్టెయ్యండి' అన్నారు. మర్యాదకి నాతోనే అన్నారో, ఇద్దరినీ కలిపి అన్నారో తెలియదు. ఇద్దరం కలిసే వెళ్లి కట్టేశాం.