రెండు మైకులు – ఒక తీర్పు

పిల్లలూ! పంద్రాగస్టు నాడు మీ బడిలో మైకు పెడతారు గదా? దాని ముందు నిలబడి, "హలో, హలో!" అనాలని మీలో ఎవరికి సరదా వుండదు? మైకు మన గొంతును ఊరంతటికీ వినిపిస్తుంది. కాని అదే మైకు ఒక్కొక్కప్పుడు మనను మోసం కూడా చేస్తుంది. ముప్ఫై నాలుగేళ్లు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయిన నాకు ఈ సంగతి అరవై దాటాక గాని తెలియలేదు. అది ఎలా తెలిసిందో చెబుతాను, వినండి.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు మా ఊళ్లో మైకుసెట్లు అద్దెకిస్తూ, పాత రేడియోలు బాగు చేస్తూ వుంటాడు. కుర్రాడు అన్నానే గాని, అతనికీ నలభై దాటాయి. ఒకనాడు అతను నాకొక బొమ్మ చూపించి, "మాస్టారూ! ఇది యు 47 అనే పాత వాల్వు మైకు. ఇప్పుడు దీన్ని కొనాలంటే లక్షలు పొయ్యాలి. మనమే ఇలాంటిదొకటి చేస్తేనో?" అన్నాడు. నాకు చేతినిండా తీరిక వుంది. "సరే, చేద్దాం పద!" అన్నాను.

ముందు ఈ మైకు కథ కొంచెం తెలుసుకోవాలి. 1878లో హ్యూస్ అనే ఆయన ఇంగ్లండులో ఇనప మేకులను ఒకదాని మీద ఒకటి వదులుగా ఆనించి, వాటి గుండా విద్యుత్తు పంపి, చిన్న చప్పుళ్లను కూడా టెలిఫోనులో వినగలిగాడు. బొగ్గుముక్కలతో అది మరింత బాగా పనిచేసింది. చాలాకాలం టెలిఫోన్లలో ఈ బొగ్గు మైకులే వుండేవి. అయితే వాటిలో బుసబుసమనే రొద ఎక్కువ. 1916లో అమెరికాలో వెంటె అనే శాస్త్రజ్ఞుడు మరొక రకం మైకు కనిపెట్టాడు. అదే కండెన్సరు మైకు. 1928లో జర్మనీలోని బెర్లిను నగరంలో నాయ్‌మన్ అనే ఆయన అలాంటి మైకులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. మొదటి మైకు పొడుగ్గా, లావుగా వుండేది గనక దాన్ని అందరూ "సీసా" అనేవారు. యుద్ధం ముగిశాక, 1949లో, ఆ కంపెనీ నుంచే యు 47 వచ్చింది.

ఇది పనిచేసే తీరు చాలా తమాషాగా వుంటుంది. మీరు కంజీర చూశారు గదా? బిగించిన తోలు మీద దెబ్బ పడితే అది కంపిస్తుంది. మైకులో తోలుకు బదులు పల్చని ప్లాస్టిక్కు పొర వుంటుంది. మన తలవెంట్రుక మందంలో అది సుమారు పదోవంతు! ఆ పొరకు బంగారు పూత పూస్తారు. దాని వెనక, తగిలీ తగలనంత దగ్గరగా, చిల్లులు పొడిచిన ఇత్తడి బిళ్ల వుంటుంది. ఈ రెంటి మధ్యా విద్యుదావేశం నింపి వుంచుతారు. మనం మాట్లాడితే గాలి కదిలి పొరను తాకుతుంది. పొర ముందుకూ వెనక్కూ ఊగితే, బిళ్లకూ పొరకూ మధ్య ఎడం మారుతుంది. ఎడం మారినప్పుడల్లా వోల్టేజి మారుతుంది. ఇంకేం! మన మాట విద్యుత్తుగా మారిపోయినట్టే.

కాని ఆ విద్యుత్తు ఎంతో బలహీనమైనది. తీగ వెంట నాలుగు బారలు పోయేలోగా నీరసించిపోతుంది. అందుకని మైకు కడుపులోనే ఒక వాల్వును పెట్టారు. కాలువ మీద లాకు చూసినవారికి వాల్వు సంగతి చప్పున అర్థమవుతుంది. లాకు తలుపును ఒక్క మనిషి కదిపితే చాలు, కాలువెడు నీరు కదులుతుంది. అలాగే వాల్వులో గ్రిడ్డు అనే తీగచుట్టకు మైకుపొర నుంచి వచ్చే చిన్న వోల్టేజి తగిలితే, ప్లేటుకు పోయే పెద్ద ప్రవాహం దానికి తగినట్టు పెరిగీ, తగ్గీ ఆడుతుంది. యు 47లో వి.ఎఫ్.14 అనే జర్మన్ వాల్వు వుండేది. దాని తయారీ ఆగిపోయిన తరవాత యు 47 తయారీ కూడా 1965 నాటికి నిలిచిపోయింది. ఇప్పుడు దాన్ని చూసి మైకులు చేసుకునేవాళ్లు ఆ వాల్వుకు బదులు దొరికినదేదో వాడుకోవలసిందే.

మేము ఒక పాత టేపురికార్డరు నుంచి ఇ.ఎఫ్.86 అనే వాల్వు తీశాం. 1960లో వచ్చిన యు 67 మైకులో వున్నది ఈ వాల్వే. రెండోది మా కుర్రాడి పెట్టెలో దొరికింది. ఇత్తడి గొట్టాలు రెండు కోయించి, పైన ఇత్తడి జల్లెడ తొడిగాం. పొరను మాత్రం ఇంట్లో చేయడం మా వల్ల కాదు గనక, రెండు కొనుక్కున్నాం. ఒకటి యు 47లో వుండే ఎం 7 పద్ధతిది. దీనికి డబ్బు బాగా అయింది. రెండోది యు 67లో వుండే కె 67 పద్ధతిది, ఇది చౌక. తక్కినదంతా రెంటిలోనూ ఒక్కటే. ఏది మేలో పోల్చి చూడాలన్నది మా సంకల్పం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ మైకుకు వంద వోల్టులకు పైగా కావాలి. మీట ఆపేసిన తరవాత కూడా దాని పెట్టెలోని కండెన్సర్లలో విద్యుత్తు దాక్కుని వుంటుంది. తెలిసిన పెద్దవాళ్లకే ఇది ప్రమాదం. మా ఇంట్లో ఆ పెట్టె మూత నేను కూడా తీయలేదు. ఆ పని మా కుర్రాడిదే. మీరు దాని జోలికి పోకండి!

రెండు నెలలు శ్రమపడి మైకులు పూర్తి చేశాం. మొదటి రోజు బాగానే పలికాయి. మర్నాడు సాయంత్రం వాన వెలిశాక చూస్తే, మొదటి మైకులో పల్లీలు వేయించినట్టు ఒకటే చిటపట! వాల్వు పోయిందనుకున్నాను. మా కుర్రాడు నవ్వి, "మాస్టారూ, అది మీ వేలిముద్ర!" అన్నాడు. నిజమే. గ్రిడ్డు దగ్గర పది కోట్ల ఓముల నిరోధం పెట్టాం. విద్యుత్తు అక్కడ చుక్కచుక్కగా కూడా కారకూడదు. నా వేలి చెమటలోని ఉప్పు, వాననాటి తేమ కలిసి దానికి దొంగదారి ఏర్పరిచాయి. ఆ చోటును స్పిరిటుతో కడిగి, కుంచెతో తుడిచి, దీపం వేడికి ఆరబెట్టగానే చిటపట మాయమయింది. ఒక్క వేలిముద్ర ఎంత పని చేసిందో చూడండి!

ఇక పోల్చి చూడాలి గదా! ఆదివారంనాడు మా వీధి పిల్లలు పదకొండు మందిని పిలిచాం. రెండు మైకులూ పక్కపక్కన నిలిపి, మా మనమరాలి చేత ఒక పద్యం చదివించి, రెంటిలోనూ ఒకేసారి రికార్డు చేశాం. పేర్లు చెప్పకుండా ఒకదాని తరవాత ఒకటి వినిపించాం. "రెండోదే బాగుంది!" అని పిల్లలందరూ ఒక్కసారి అరిచారు. నేనూ అదే అన్నాను. అంత డబ్బు పోసిన మొదటి మైకు ఓడిపోయిందని నాకు లోపల కొంచెం దిగులు కూడా వేసింది.

అప్పుడు మా కుర్రాడు, "ఉండండి మాస్టారూ, ఇది న్యాయమైన పోటీ కాదు," అన్నాడు. సెకనుకు వెయ్యి కంపనాల ఈల ఒకటి వాయించి, రెండు మైకుల వోల్టేజీ కొలిచాడు. రెండోది రెండు డెసిబెళ్లు గట్టిగా వుంది. అంటే వోల్టేజీలో సుమారు నాలుగోవంతు ఎక్కువన్నమాట. ఇంత కొద్ది తేడాను మన చెవి "గట్టిగా వుంది" అని పోల్చుకోదు. "బాగుంది" అని చెబుతుంది! అతను రెంటినీ సమానం చేసి, ముందువెనకలు మార్చి మళ్లీ వినిపించాడు. ఈసారి పదకొండు మందిలో ఎనిమిది మంది మొదటి మైకే బాగుందన్నారు.

నాకు మాత్రం ఇప్పుడూ రెండోదే బాగుంది. ఆ మాట అంటే ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు, "అందులో స అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది, తాతగారూ!" అన్నాడు. నాకు ఆ సూది వినిపించనే లేదు. కారణం వుంది. కె 67 పొర సన్నని ధ్వనులను పెంచి పలుకుతుంది. యు 67 మైకులో ఆ పెంపును తగ్గించే ఏర్పాటు వుంటుంది; మేము చేసినదానిలో లేదు. పసిపిల్లలు సెకనుకు ఇరవై వేల కంపనాల దాకా వినగలరు. వయసు పైబడినకొద్దీ పైధ్వనులు వినిపించడం మానేస్తాయి. వాళ్లకు సూదిలా గుచ్చినదే నా ముసలి చెవికి స్పష్టంగా తోచింది!

పిల్లలు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1996లో మా బడిలో జరిగిన పద్యపఠనం పోటీ గుర్తుకువచ్చింది. ఆ పోటీకి నేనే న్యాయనిర్ణేతను. ఒక అమ్మాయి పొడగరి. మైకు సరిగ్గా ఆమె నోటి ముందుకు వచ్చింది. ఇంకొక అమ్మాయి ఆరో తరగతి పిల్ల, పొట్టిది. మైకు ఆమె తలకు పైన వుండిపోయింది. మొదటి అమ్మాయి గొంతు గంటలా మోగింది. నేను ఆమెకు బహుమతి ఇచ్చాను. రెండో పిల్ల నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, నేనెక్కడైనా తప్పు చదివానా?" అని అడిగింది. "తప్పేం లేదమ్మా, గొంతు చాలలేదు," అన్నాను. ఆ తరవాత ఆ పిల్ల బడి విడిచేదాకా మళ్లీ వేదిక ఎక్కలేదు.

లెక్క చూడండి. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపయితే ధ్వని బలం సగమవుతుంది. పైగా, సభల్లో వాడే మైకుల్లో చాలావాటికి మనం మరీ దగ్గరగా మాట్లాడితే గొంతులోని మంద్రధ్వని పెరిగి, గొంతు గంభీరంగా వినిపిస్తుంది. నేను ఆనాడు మార్కులు వేసింది పిల్లల పఠనానికి కాదు, మైకుకూ వారికీ మధ్యనున్న దూరానికి!

ఆమె ఇప్పుడు పక్క ఊళ్లోనే కాపురం వుంటున్నది. వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పక్కనే వున్న ఆమె కూతురు అంతా విని, "తాతగారూ! అప్పుడు మైకు కాస్త కిందికి దించితే సరిపోయేది గదా?" అన్నది. నేను చదివిన చదువంతా ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పడానికి పనికిరాలేదు. "అవునమ్మా, దించి వుండవలసింది," అన్నాను. అప్పుడు ఆ తల్లి, "పోనివ్వండి మాస్టారూ. ఆ పద్యం నాకింకా వచ్చు," అని, మైకూ గియకూ లేకుండా, వరండాలో నిలబడి చదివింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. గొంతుకూ లోపం లేదు.

ఇప్పుడు మా బడిలో పోటీలు పెడితే, ప్రతి పిల్లవాడికీ మైకు ఎత్తు సరిచేసి, నోటికి జానెడు దూరంలో వుండేలా చూస్తున్నారు. నేను కోరిన బహుమానం అదొక్కటే.

పిల్లలూ, మీరు ఏ రెండు వస్తువులను పోల్చినా మూడు సంగతులు మరిచిపోకండి. రెంటినీ సమానమైన స్థితిలో నిలబెట్టండి. ఏది ఏదో తెలియకుండా పరీక్షించండి. పరీక్షించే చెవికి కూడా లోపం వుండవచ్చునని గుర్తుంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో మీ గొంతును జానెడు దూరం నుంచి ఒకసారి, బారెడు దూరం నుంచి ఒకసారి రికార్డు చేసి వినండి. మనిషి ఒకరే, పద్యం ఒకటే. అయినా ఎంత తేడా వుంటుందో మీకే తెలుస్తుంది.