పూటకూళ్ళ ఇల్లు

ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని దక్షిణంగా, ఇక రోడ్డు లేదనేదాకా వెళితే కేప్ మే వస్తుంది. అక్కడ ఎగ్జిట్ నంబరు కూడా సున్నాయే. పెళ్ళిరోజుకి ఎప్పుడూ హోటలేనా అని మా ఆవిడ ఈసారి ఓ పాత విక్టోరియన్ ఇంట్లో గది బుక్ చేసింది. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్. రేటు చెప్పను గానీ, ఆ డబ్బుతో మామూలు హోటల్లో రెండు రాత్రులు పడుకోవచ్చు.

1878లో పెద్ద మంటలు లేచి ఈ ఊరు చాలావరకు కాలిపోయింది. ఆ తర్వాత కట్టుకున్న చెక్క ఇళ్ళే ఇవి. ఒక్కోదానికి నాలుగైదు రంగులు, చూరు అంచున లేసు అల్లినట్టు చెక్కపని, వరండాలో ఊగే కుర్చీలు. విక్టోరియా పేరెందుకో మరి, ఆవిడ వీళ్ళ రాణి కాదు, మన రాణి! ఒకప్పుడు వీటినీ పాత సామానుకింద కూల్చేయబోతే ఊళ్ళోవాళ్ళు కొందరు అడ్డుపడ్డారు. 1976లో ఊరు మొత్తాన్నీ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని ఎక్కాను. మంచం ఎక్కడానికి చిన్న పీట. నేల ఓ పక్కకి వాలి ఉంది, చేతిలోంచి జారిన మందుబిళ్ళ దొర్లుకుంటూ కిటికీ దాకా పోయింది. తలుపు వేస్తే కిర్రుమని మొదలై చివర్లో మూలిగింది. అచ్చం మా వీధి తలుపులాగే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పొద్దున తొమ్మిదికి అందరికీ ఒకటే బల్ల. ఇంటావిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. మేం మాంసం తినమని ముందే చెప్పాం కాబట్టి మాకు వేరే పళ్ళెం. సముద్రపు గాలికి చెక్క నిలవదట. ఏడాదికో వైపు రంగు వేయిస్తుందట, నాలుగో వైపు పూర్తయ్యేసరికి మొదటి వైపు పెచ్చులూడుతుందట. "గదులు అద్దెకివ్వకపోతే ఈ ఇల్లు నా చేతిలో ఎప్పుడో పోయేది" అంది, కాఫీ పోస్తూ.

"పూటకూళ్ళమ్మ" అంది మా ఆవిడ నా చెవిలో. నవ్వాను గానీ, ఆ మాట నాకు వేరేచోట తగిలింది.

కోనసీమలో మాది మండువా లోగిలి. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మధ్యలో పడేవి. పదేళ్ళ కిందట, పడవల మీద టూరిస్టులు బాగా వస్తున్నారు, ముందు రెండు గదులూ ఇచ్చి భోజనం పెడితే ఇల్లు దాని ఖర్చు అదే చూసుకుంటుందని నాన్న స్నేహితుడొకాయన సలహా ఇచ్చాడు. నాన్నమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చి మరీ చెప్పింది, "అన్నం అమ్ముకునే గతి మాకింకా పట్టలేదు బాబూ" అని. ఆ మాటకి మేమంతా గర్వపడ్డాం. నేనైతే ఆఫీసులో కూడా చెప్పుకున్నాను.

నాన్నమ్మ పోయిన మరుసటి ఏడు పెంకులు జారాయి. బాగుచేయించడానికి మేస్త్రీ చెప్పిన లెక్క విని నాన్న ఫోన్ చేశాడు. "ఏంట్రా, ఏం చేద్దాం?" కోడ్ రిలీజ్ హడావుడిలో ఉన్నాను. మీ ఇష్టం అన్నాను. పవర్ ఆఫ్ అటార్నీ మీద న్యూయార్క్ కాన్సులేట్ ముద్ర వేయించి పంపింది నేనే. టేకు స్తంభాలూ, దూలాలూ, వీధి గుమ్మం అడుగుల లెక్కన కొనుక్కుపోయారు. ఏదో రిసార్టు కోసమట. అక్కడ భోజనం ఊరికే పెట్టరు కదా.

బయల్దేరేముందు ఇంటావిడ, "మీ దేశంలోనూ పాత ఇళ్ళు ఉంటాయా?" అని అడిగింది. ఫోన్లో మండువా ఫోటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని స్తంభాలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది.

"ఎంత బాగుందో! గదులు అద్దెకిస్తారా?"

"లేదండీ, మా నాన్నమ్మ ఒప్పుకోదు" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసి, ఏమీ అనకుండా కారు తాళాలు తీసుకుంది.