టిక్ టిక్ టిక్

మొన్న సాయంత్రం అలిపిరిలో కారు పెట్టి మెట్ల దారిన కొండెక్కినాం. పొద్దున దిగొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ టిక్... అంతే. లోపలి లైటు రాత్రంతా వెలుగుతానే ఉండింది. అమ్మ మోకాళ్లు పట్టుకుని గట్టు మీద కూలబడింది.

పక్కనున్న ట్యాక్సీ అబ్బాయి అడక్కముందే కేబుళ్లు తెచ్చినాడు. "ఎర్రది ప్లస్సుకే నా. నల్లదాని కొస మీ బ్యాటరీకి తగిలించొద్దు, ఇంజిన్ ఇనుముకు పట్టించు." బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పురవ్వ లేస్తే పేలొచ్చు. ఇన్నేళ్లు బండి నడుపుతున్నా, ఈ సంగతి నాకు తెలీదు. రెండో సెల్ఫుకే అందుకుంది. దుడ్లిస్తే తీసుకోలేదు. అమ్మ లడ్డూ చేతిలో పెడితే కళ్లకద్దుకున్నాడు.

అరగంటైనా ఆపకుండా తిప్పమన్నాడని కరకంబాడి దాకా పోయినాం. గల్లా రామచంద్ర నాయుడు 1985లో మొదలుపెట్టిన అమర రాజా బ్యాటరీల ఫ్యాక్టరీ అక్కడే. షిఫ్టు బస్సులు ఎదురొస్తున్నాయి. మా చిన్నాన్న కొడుకు ఎప్పుడూ అంటుంటాడు, మన ఎండే బ్యాటరీ ఆయుష్షు తినేస్తుందని. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపించాలంట. రేపే చూపిస్తా.

ఆ అబ్బాయి పేరు అడగడం మరిచిపోయినాం. అమ్మ ఇప్పటికీ అదే అంటోంది.