ఏలీయా దుప్పటి, శ్రేయాంసుని చెరుకురసం

కూసోండ్రి, కూసోండ్రి. మంట దగ్గరికి జరుగుండ్రి. ఇందూరు చలి సంగతి మీకెరుకే గద. ఇగో, ఈ చెరుకు గడ పట్టుకోండ్రి, బోధన్ దిక్కుదే. నములుకుంట వినుండ్రి. సగంల లేచిపోతే మాత్రం ఊకోను, ముందే చెప్తున్న!

క్రిస్మస్ దగ్గరికొస్తే మన చర్చిలల్ల బాప్తిస్మమిచ్చు యోహాను పేరు వినవడుతది గద. ఆయనకంటె ఎనిమిది వందల ఏండ్లకు పైన ముందటి ప్రవక్త ఏలీయా. ఆయనకు శిష్యుడు దొరికిన తీరంటే నాకు మస్తు ఇష్టం. శిష్యుడు గుడిల లేడు, బడిల లేడు. పొలంల దున్నుతున్నడు. పన్నెండు అరకలు నడుస్తున్నయి, పన్నెండోది ఈయనది. పేరు ఎలీషా. ఏలీయా పక్కపొంటి పోతా పోతా తన దుప్పటి ఆయన మీద వేసిండు. గంతే! మంత్రం లేదు, ముహూర్తం లేదు. ఎలీషా ఎడ్లను కోసి, అరక కట్టెల మీదనే వండి, నలుగురికి పెట్టి, గురువు ఎంట పోయిండు. ఎనకకు వచ్చే తొవ్వనే పొయ్యిల పెట్టిండు, చూసిండ్రా?

గురువు పోయే దినం వచ్చింది. ఇద్దరు కలిసి యోర్దాను ఏరు దాటిండ్రు. నీకేం కావాలె అని అడిగితే, నీ ఆత్మల రెండు పాళ్లు కావాలన్నడు శిష్యుడు. ఆశ అంటరా? నేనైతే ప్రేమ అంట. అగ్గి రథం వచ్చింది, సుడిగాలిల గురువు పైకి పోయిండు. దుప్పటి కింద మిగిలింది.

ఇగ అసలు కత ఇక్కడ ఉన్నది. ఏలీయా మళ్లీ వస్తడని మలాకీ ప్రవక్త చెప్పిపెట్టిండు. మరి వచ్చిండా? యోహానును చూడుండ్రి. ఒంటె రోమాల బట్ట, నడుముకు తోలుదట్టి. ఏలీయా నడుముకూ తోలుదట్టే! నమ్మగలిగితే ఆ ఏలీయా ఈయననే అని యేసు ప్రభువు చెప్పినట్టు మత్తయి రాసిండు.

పరమహంస యోగానంద 1946ల అచ్చైన తన ఆత్మకథల ఈ దారాన్ని ఇంకా ముందుకు గుంజిండు. ఏలీయా యోహానుగ వస్తే, ఎలీషా ఏమైండు? ఆయనే యేసుగ వచ్చిండు అంటడు. నాకు ఒళ్లు జలదరించిన చోటు ఇదే. గురుశిష్యులు విడిపోయింది యోర్దాను దగ్గర. యేసు బాప్తిస్మం తీసుకుంటానికి యోహాను కాడికి పోయింది కూడ యోర్దానుకే! ఎలీషా ఇరవై యవల రొట్టెలతోని నూరుమంది కడుపు నింపిండు. యేసు పంచింది కూడ యవల రొట్టెలే, ఐదు రొట్టెలు ఐదువేల మందికి. రెండు పాళ్లు అడిగినోని లెక్క ఏడిదాక పోయిందో చూడుండ్రి.

చర్చి పెద్దలు ఒప్పుకోరు. ఏలీయా ఆత్మతోని, శక్తితోని యోహాను వస్తడని లూకా రాసిండు తప్ప, మళ్లీ పుట్టిండని కాదంటరు. నేను ఏలీయాను కానని యోహానే చెప్పిండు గద అంటరు. సావనే సావని మనిషి మళ్లీ ఎట్ల పుడతడు అంటరు. గట్టి మాటలే, పక్కకు పెట్టేటియి కావు. కాని ఈ గురువు యోహాను చేసిన పని చూడుండ్రి. యేసు చెప్పుల వారు విప్పెతందుకు కూడ నేను సరిపోనన్నడు. శిష్యుడు తనను మించుతడని తెల్సి, ముందుగాల వచ్చి తొవ్వ ఊడ్చిండు. నాకు ఈ పనితనం చాలు.

ఇసొంటి గురుశిష్యుల కతే ఇంకోటి ఉన్నది, ఇప్పుడు మన బోధన్‌కు రండ్రి. బాహుబలి ఏలిన పోదనపురం మన బోధనే అని చాలామంది చరిత్రకారులంటరు. వేములవాడ చాళుక్యులకు మొదటి రాజధాని కూడ ఇదే. ఆ వంశపు అరికేసరి కొలువుల ఉన్న పంపకవి 941ల కన్నడంల ఆదిపురాణం రాసిండు. అది బాహుబలి తండ్రి, జైనుల మొదటి తీర్థంకరుడు వృషభనాథుని జన్మల కత.

అండ్ల మహాబలుడనే రాజుకు స్వయంబుద్ధుడనే మంత్రి. ఆత్మ ఉన్నదని రాజుకు నేర్పింది ఈయనే. రాజు సచ్చిండు, పుట్టిండు, మళ్లీ సచ్చిండు, మళ్లీ పుట్టిండు. ఒక జన్మల వజ్రజంఘుడై, పెండ్లాం శ్రీమతితోని పడకటింట్ల ధూపం పొగకు ఊపిరాడక పోయిండు. ఆ తర్వాతి జన్మల, ఇద్దరు భోగభూమిల సుఖంగ ఉంటే, ఆకాశం నుంచి ఒక ముని దిగిండు. నేను అప్పటి నీ మంత్రిని అన్నడు. సూడుండ్రి! శిష్యుడు మరిసిండు, గురువు మరువలేదు. ఆ శిష్యుడే ఆఖరికి వృషభనాథుడైండు. ఇక్కడ కూడ గురువును మించిన శిష్యుడే!

చెరుకు సంగతా? చెప్తున్న, ఆగుండ్రి. వృషభనాథుడు సన్యాసం తీసుకుని నెలలకొద్ది ఉపాసంతోని తిరిగిండు. జనం నగలు తెచ్చిండ్రు, ఏనుగులు తెచ్చిండ్రు. మునికి బువ్వ ఎట్ల పెట్టాల్నో ఒక్కనికి ఎరుకలేదు. హస్తినాపురంల శ్రేయాంసుడు ఆయనను చూసిండు, చూడంగనే పాత జన్మ యాదికొచ్చింది. తను అప్పటి వజ్రజంఘుని పెండ్లాం శ్రీమతి! మొగనితోని కలిసి అడవిల మునులకు అన్నం పెట్టిన చేతులు గవి. చెరుకురసం తెచ్చి దోసిట్ల పోసిండు. ఆ దినమే అక్షయ తృతీయ. ఏడాది పొడుగున దినం ఇడిసి దినం ఉపాసం చేసిన జైనులు ఇప్పటికీ ఆ రోజు చెరుకురసంతోనే విడుస్తరు.

ఆ పోదనపురం గడ్డ మీద చెరుకు పండుతున్నది, ఇంకేం కావాలె చెప్పుండ్రి! 1937ల పుట్టిన ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ 2015ల మూతపడ్డది గని, చెరుకు రుచి ఏడికి పోలేదు. వచ్చే అక్షయ తృతీయకు బంగారం దుకాణానికి పోయేముందు బోధన్ తొవ్వల ఒక గిలాస చెరుకురసం తాగుండ్రి. పక్కన ఉన్నోనికి కూడ ఒకటి ఇప్పియ్యుండ్రి.